కొబ్బరికాయకు ముందు తీయాల్సిన రీడింగ్

నేను రైల్వే ఇంజనీరింగ్ రెండు చోట్ల చదివాను. సాయంత్రాలు కాలేజీలో, కాలేజీకి వెళ్ళే లోకల్ రైలులో. రెండింటిలో రైలే నయం. వంపు తిరిగే చోట బయటి పట్టాను లోపలి పట్టా కంటే ఎత్తుగా ఎందుకు వేస్తారో పుస్తకంలో పేజీన్నర రాశారు. బండి వంపు తిరుగుతున్నప్పుడు పక్కనామె నా మీదికి ఎందుకు ఒరగలేదో ఆలోచిస్తే ఆ పేజీన్నర అక్కర్లేకపోయింది.

కాలేజీలో మాస్టారు నోట్సు చెప్పేవారు, మేం రాసుకునేవాళ్ళం. తరగతి మొత్తం ఉద్యోగస్తులే. డిప్లొమాతో ఏదో ఒక పనిలో కుదురుకుని, పైమెట్టు ఎక్కాలంటే డిగ్రీ కావాలని ఆలస్యంగా తెలిసొచ్చి మళ్ళీ బెంచీలెక్కినవాళ్ళం. సిమెంటు దుమ్ము వదలని చెప్పులతో, హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. వెనక బెంచీలో ఒకాయన హాజరు పలికిన వెంటనే నిద్రపోయేవారు. మాస్టారు లేపేవారు కాదు. "పొద్దున్నే డ్యూటీ ఎక్కి వచ్చాడమ్మా, పడుకోనీ" అనేవారు. ఆ మాస్టారే చివరి ఏడాది నా ప్రాజెక్టుకు గైడు. మంచి మనిషి. ఆ మంచితనం నాకు ఎంతవరకు పనికొచ్చిందో ముందు ముందు చెబుతాను.

నేను అప్పుడు ఒక కాంట్రాక్టు కంపెనీలో జూనియర్ ఇంజనీరును. కొండాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేదాన్ని. నా భర్త గుండెపోటుతో పోయి అప్పటికి రెండేళ్ళు. కంపెనీలో అందరికీ తెలుసు, అంత్యక్రియలకు వచ్చినవాళ్ళే సగం మంది. ఆ తర్వాత నేను బొట్టు తీయలేదు, రంగు బట్టలు మానలేదు. అందులో సాహసమేమీ లేదు. మా ఇంట్లో అలా పెరిగాను, అంతే. సూర్యాపేటలో మా మేనమామ బడిపంతులు. ఆదివారాలు గ్రంథాలయం హాలులో చర్చలు పెట్టించేవారు. జాతకాలు, శకునాలు, దిష్టి, కులం, అన్నిటి మీదా చర్చలే. ఎవరు ఏ పక్షాన మాట్లాడాలో చీటీలు తీసేవాళ్ళం. అక్కడ నేర్చుకున్న సూత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది: ఎవరైనా "నా అనుభవంలో నిజమైంది" అంటే, ఎన్నిసార్లు నిజమైందో అడగకు, ఎన్నిసార్లు కాలేదో లెక్క రాసుకున్నావా అని అడుగు.

ఆ హాలులో నేను చాలాసార్లు గెలిచాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. మూఢనమ్మకం మైకు ముందుకు వచ్చి మనతో వాదిస్తుందని మేం అనుకునేవాళ్ళం. అది వాదించదు. మర్యాదగా కుర్చీ చూపిస్తుంది.

మా కంపెనీకి ఆ ఏడాది వచ్చిన పని, లింగంపల్లి వైపు రైలు కట్ట కింద నుంచి రెండు చోట్ల రోడ్డు వేయడం. కొత్తగా లేచిన టవర్లకు కార్లు పోయే దారి లేదు, మధ్యలో రైలు కట్ట అడ్డం. రైళ్ళు ఆపడానికి వీల్లేదు. అందుకని కట్ట పక్కన పెద్ద కాంక్రీటు పెట్టె పోస్తారు. రెండు వైపులా నోరు తెరుచుకున్న పెట్టె, లోపల లారీ పోయేంత ఎత్తు. దాని వెనక జాకీలు పెట్టి కట్టలోకి కొంచెం కొంచెంగా నెడతారు. ముందు మట్టి తవ్వుతూ ఉంటారు, వెనక నుంచి జాకీలు తోస్తూ ఉంటాయి. పైన రైళ్ళు మెల్లగా నడుస్తూనే ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఏ గుడిలోనూ కలగలేదు.

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యం పైన పట్టా ఎంత కుంగిందో కనిపెట్టడం. ఒక పట్టా రెండోదానికంటే కుంగితే బండి ఒరుగుతుంది. అందుకని పట్టా మీద కొన్ని చోట్ల గుర్తులు పెట్టి, నెట్టడానికి ముందు ఒకసారి, నెట్టిన ప్రతిసారీ ఒకసారి, లెవెల్ మిషన్‌తో ఎత్తులు కొలవాలి. మొదటి కొలతను ఇనీషియల్ రీడింగ్ అంటాం. అది లేకపోతే మిగతావన్నీ ఉత్త అంకెలు. ఇప్పుడు ఎంత ఎత్తున ఉందో తెలుస్తుంది, ఇంతకుముందు ఎంత ఎత్తున ఉండేదో తెలియదు. అంటే కుంగిందో లేదో ఎవరూ చెప్పలేరు.

ఆ కొలతలు తీసే పని నాది. నా చివరి ఏడాది ప్రాజెక్టు కూడా అదే. పెట్టె కదిలేకొద్దీ పైన పట్టా ఎలా కదులుతుందన్నది. మాస్టారు సంతోషించారు. "అందరూ పాత రిపోర్టులు తిరగేసి రాస్తారు, నువ్వు నిజంగా కొలుస్తున్నావు" అన్నారు. కంపెనీ మేనేజరు కూడా మాటిచ్చారు. ఈ ఏడాది డిగ్రీ చేతికొస్తే రెండో పెట్టెకు నన్నే ఇంజనీరుగా వేస్తామని. నా కింద మనుషులుంటారు, సంతకం నాది ఉంటుంది. పదకొండేళ్ళుగా ఇతరుల సంతకాల కింద పని చేసినదాన్ని. నాకు అంతకంటే పెద్ద కోరిక ఏదీ లేదు.

మేనేజరుది గుంటూరు వైపు. ఎం.టెక్. చదివారు, మాటకు ముందు మేడమ్, మాట చివర అండి. ఎవరినీ పరుషంగా అనేవారు కాదు. దసరాకు ఆయుధపూజ చేయించినప్పుడు లెవెల్ మిషన్‌కు కూడా గంధం, కుంకుమ పెట్టించారు. పెట్టినవాడు భక్తి కొద్దీ అద్దం మీదే పెట్టాడు. మర్నాడు నేను కన్ను పెట్టి చూస్తే లింగంపల్లి అంతా ఎర్రగా ఉంది. తుడుస్తుంటే మేనేజరు, "నెమ్మదిగా తుడవండి మేడమ్, సెంటిమెంట్" అన్నారు. అందరం నవ్వుకున్నాం. అప్పుడు నేనూ నవ్వాను. అద్దం మీది కుంకుమ గుడ్డతో పోతుంది కదా అనుకున్నాను.

పెట్టె నెట్టే రోజు ఆదివారం, రైళ్ళు తక్కువ. ముందు రోజు సాయంత్రం రైల్వే వాళ్ళు పట్టా కింద కంకర మళ్ళీ గట్టిగా కూరి సర్దారు. దాంతో నేను వారమంతా తీసిన పాత కొలతలు చెల్లవు. ఆదివారం పొద్దున, నెట్టడానికి ముందు, మళ్ళీ తీయాలి. అది అందరికీ తెలుసు. పని వివరాల్లో రాసి ఉంది, మేనేజరు స్వయంగా నాకు రెండుసార్లు చెప్పారు.

తెల్లవారుతూనే వెళ్ళాను. కొలబద్ద పట్టుకునే ఆమె అప్పటికే వచ్చి చాయ్ తాగుతోంది. పాలమూరు మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. పట్టా మీద కొలబద్దను నిటారుగా పట్టుకుంటే అది గాలికి కూడా కదిలేది కాదు. ఇద్దరం మిషన్ నిలబెట్టే చోటు చూసుకున్నాం. నేను మూడుకాళ్ళ స్టాండు భుజాన వేసుకుని గేటు దగ్గరి నుంచి కట్ట వైపు వస్తున్నాను. అప్పుడే మా కంపెనీ యజమాని అయిన కాంట్రాక్టరు కారు వచ్చి ఆగింది. ఆయన దిగబోతూ నన్ను చూశారు. నమస్కారం పెట్టాను. ఆయన మళ్ళీ కారులోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. సీసా ఎత్తి నీళ్ళు తాగడం అద్దంలోంచి కనిపించింది. కాసేపు కూర్చుని దిగారు. ఫోను మరిచిపోయారేమో అనుకున్నాను. అపశకునమైతే వెనక్కి వెళ్ళి, నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయలుదేరాలన్న ఆచారం నాకు తెలియనిది కాదు. దాని మీద హాలులో మాట్లాడినదాన్ని. కానీ అది నా గురించేనని తట్టలేదు. మనం ఖండించినవి మనకు జరుగుతాయని మనం అనుకోం.

స్టాండు బిగించి, మిషన్ మట్టం చూపే బుడగ సరిచేస్తుంటే మేనేజరు వచ్చారు. చేతులు కట్టుకున్నారు.

"మేడమ్, ఒక్క అరగంట ఆఫీసు కంటెయినర్‌లో కూర్చుంటారా? ఏసీ వేయించాను."

"ఎందుకండీ? ఇనీషియల్ తీయాలి కదా."

"తీద్దురు, తీద్దురు. పూజ అయిపోనివ్వండి. సార్ కాస్త... మీకు తెలుసు కదండీ, వాళ్ళ కడప వైపు ఇలాంటివి ఎక్కువ."

"ఎలాంటివి?"

ఆయన పట్టా వైపు చూశారు. "కొబ్బరికాయ కొట్టేటప్పుడు మీరు ఎదురుగా లేకపోతే బాగుంటుందని. నాకైతే ఏమీ లేదండీ. మా చెల్లెలు కూడా మీలాగే. నేను ఆమెను పెళ్ళిళ్ళకు తీసుకెళ్తాను."

"రీడింగ్ తీయకుండా జాకీ నొక్కకూడదు."

"అయ్యో, అంత మాత్రం తెలియదా అండీ నాకు? జాకీలు మొదలయ్యేది ఎప్పుడో. మీరు లేకుండా మొదలవదు. నాది పూచీ."

ఇక్కడ నేను పోట్లాడాల్సింది. పోట్లాడాను కూడా, అయితే నాలుగు మాటలే. ఇది నా ఉద్యోగం, ఇది పూజ కంటే ముందు జరగాలి, వ్యక్తిగత నమ్మకాలు పని మీదికి తేవద్దు అన్నాను. అన్నీ సరైన మాటలే. ఆయన ప్రతిదానికీ "అవునండీ" అన్నారు. అవునండీ అనేవాడితో ఎలా వాదించాలో మా మేనమామ నేర్పలేదు. చివరికి మిషన్‌ను అలాగే వదిలి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, వెళ్ళి కూర్చున్నాను. కంటెయినర్ నిజంగానే చల్లగా ఉంది.

దీన్ని పల్లెటూరి మౌఢ్యమని తీసిపారేయడానికి వీల్లేదు. కంటెయినర్ కిటికీలోంచి చూస్తే అటు గాజు మేడలు. వాటిలో రాత్రింబవళ్ళు కూర్చుని ప్రపంచానికి తర్కం రాసి అమ్ముతారు. అలాంటి ఆఫీసుల్లో కూడా కొత్త అంతస్తు తెరిచే రోజు సర్వర్ల గదికి గుమ్మడికాయ కడతారు, ముత్తయిదువల చేత దీపం వెలిగిస్తారు. నేను చూశాను. చదువు మనిషిని మారుస్తుందని నమ్మిన వాళ్ళు ఈ రోడ్డు మీద ఒకసారి నడవాలి. చదువు మనిషికి మర్యాద నేర్పింది. పూర్వం పొమ్మనేవాళ్ళు, ఇప్పుడు ఏసీ వేసి కూర్చోబెడుతున్నారు.

కొబ్బరికాయ చప్పుడు వినిపించింది. గంట మోగింది. పిలుస్తారని లేచి నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. చప్పట్లు వినిపించాయి. తర్వాత జాకీ పంపు మోత. మొదట పరీక్షకు తిప్పుతున్నారనుకున్నాను. మోత ఆగలేదు.

తలుపు తోసుకుని పాలమూరు ఆమె వచ్చింది. "ఏంది మేడమ్, గిట్ల కూసున్నవ్? ఆడ నూకుతున్నరు!"

"నూకుతున్నారా? రీడింగ్ తీయలేదు కదా!"

"నాకేమెర్క? ముహూర్తమంటే పూజకు గాదంట, డబ్బా కదిలేదానికంట. పంతులు గడియారం పట్టుకుని నిలవడ్డడు. నీ మూడుకాళ్ళది పక్కకు పెట్టించిండు."

"ఎందుకు?"

"ఈశాన్యంల బరువు ఉండొద్దంట." ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మరి రైలు బరువు ఎంత ఉంటదో ఎవ్వరు అడగలే."

పరుగెత్తాం. పరుగెత్తుతుండగానే నాకు ఒక మాట అనాలనిపించి అన్నాను, అందరిలోనూ నన్నొక్కదాన్నే ఇలా కూర్చోబెట్టారని. ఆమె పరుగు ఆపకుండానే అంది: "నా మొగుడు పోయి నాలుగేండ్లాయె మేడమ్. నన్నెవ్వరు పక్కకు పొమ్మనలే. పంతులు పక్కనే నిలవడ్డ. కూలిదాని ముఖం ఎవరు చూస్తరు?"

ఆ మాట నా చర్చలన్నిటికీ మించింది. శకునానికి కూడా అంతస్తు ఉంది. హెల్మెట్ కింద, మట్టి తట్ట కింద ఉన్న ముఖం అపశకునం కావడానికి కూడా సరిపోదు. ఆమె పూజ మధ్యలో నిలబడింది, పట్టా ఏమీ విరిగిపోలేదు. దాన్నెవరూ లెక్కలో వేసుకోలేదు.

మేం వెళ్ళేసరికి పెట్టె మూతి కట్టలోకి దూరిపోయి ఉంది. కాంట్రాక్టరు పంచె సర్దుకుంటూ ఫోటోలు దిగుతున్నారు. నేను మేనేజరును చూశాను.

"ముహూర్తానికి ఊరికే ఒక్క అంగుళం కదుపుదామన్నారండీ సార్. సాఫీగా పోతుంటే ఆపబుద్ధి కాలేదు. మీరు పొద్దున్నే వచ్చారుగా, తీసేశారేమో అనుకున్నాను."

తీయలేదని ఆయనకు తెలుసు. నన్ను అక్కడి నుంచి లేపింది ఆయనే. అయినా ఆ 'అనుకున్నాను' అనే మాటను అప్పుడే నమ్మడం మొదలుపెట్టారు. సాయంత్రానికి పూర్తిగా నమ్మేశారు.

స్టాండు మళ్ళీ నిలబెట్టి కొలిచాను. ఒక పట్టాకూ రెండోదానికీ ఎత్తులో తేడా ఉంది. ఉండాల్సిన దానికంటే ఎక్కువ. ముందు నుంచే ఉందా, ఇప్పుడు వచ్చిందా? చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. రైల్వే తరఫున పని చూస్తున్న ఇంజనీరు కట్ట మీదికి వచ్చారు. తలనెరిసిన మనిషి. చేయి చాచారు.

"ఇనీషియల్ చూపించండి."

మేనేజరు నా వైపు చూశారు.

"తీయలేదా? తీయకుండా నెట్టారా?" ఆయన గొంతు పెంచలేదు. "పైన జనంతో బండ్లు పోతున్నాయి. ఎంత కుంగిందో ఎవరిని అడగమంటారు? మీ పంతులుగారినా?"

పని ఆపించారు. బండ్ల వేగం ఇంకా తగ్గించారు. తన మనుషులను పిలిపించి పట్టా సరిచేయించి, మొదటి నుంచి కొత్తగా కొలతలు మొదలుపెట్టాకే జాకీ ముట్టుకోవాలన్నారు. ఆయన చేసింది అక్షరాలా సరైన పని. కానీ దాని ఫలితం ఏమైందంటే, కాంట్రాక్టరు కారెక్కుతూ మేనేజరుతో అన్న మాట నా చెవిన పడింది.

"చూసినావా అప్పా? పొద్దన్నే ఎదురొచ్చింది. నీళ్ళు తాగి దిగితి, అయినా వదల్లేదు. నేను అప్పుడే అనుకుంటి, ఈ పొద్దు పని నిలిచిపోతాదని."

మూఢనమ్మకానికి సాక్ష్యం లేదని మేం హాలులో అనేవాళ్ళం. అది అబద్ధం. దానికి కావలసినంత సాక్ష్యం ఉంటుంది, ఎందుకంటే తన సాక్ష్యాన్ని తానే తయారుచేసుకుంటుంది. విధవ ఎదురైతే పని చెడుతుందన్నారు. కాబట్టి విధవను పక్కన కూర్చోబెట్టారు. కూర్చోబెట్టినందువల్ల ఆమె చేయాల్సిన పని జరగలేదు. జరగనందువల్ల అసలు పని చెడింది. కాబట్టి విధవ ఎదురైతే పని చెడుతుంది. ఈ గొలుసులో ఎక్కడా లోపం లేదు. తిరుగులేని తర్కం. మనిషి బతుకు తప్ప అన్నీ సరిపోతాయి.

మూడో రోజుకు పని మళ్ళీ మొదలైంది. నేనే కొలతలు తీశాను. పెట్టె కట్ట దాటేదాకా, వానలోనూ ఎండలోనూ, ప్రతి నెట్టుకూ తీశాను. సాయంత్రం కాలేజీ మానలేదు. రైలులో నిలబడి అంకెలు సరిచూసుకున్నాను. మొదటి భాగం తప్ప ప్రాజెక్టు బాగా వచ్చింది. మాస్టారు చూసి, మొదటి భాగానికి ఇనీషియల్ ఎందుకు లేదో ఒక వాక్యంలో కారణం రాసి, కంపెనీ చేత సంతకం చేయించి తెమ్మన్నారు. బయటి సైటులో చేసిన ప్రాజెక్టుకు ఆ కంపెనీ సంతకం లేకపోతే కాలేజీ తీసుకోదు.

మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందే సిద్ధంగా ఉన్నారు.

"ఒక్కటేనండీ మేడమ్. పని ఎందుకు ఆగిందో మనం రైల్వే వాళ్ళకు అప్పుడే రాసిచ్చేశాం. కొలతలు తీసే జూనియర్ ఇంజనీరు ఆ సమయానికి అక్కడ లేకపోవడం వల్ల అని. మీరూ అదే రాస్తే, ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

"నేను అక్కడ లేనా?"

"లేరుగా అండీ. కంటెయినర్‌లో ఉన్నారు."

నేను ఆయన ముఖంలోకి చూశాను. వెటకారం లేదు. నిజంగానే అది సత్యమని ఆయన అనుకుంటున్నారు.

"నన్ను కూర్చోబెట్టింది మీరు. ఎందుకో కూడా చెప్పారు. అదే రాస్తాను."

"ఏమని రాస్తారండీ?"

"రీడింగ్ తీయాల్సిన మనిషికి భర్త లేనందువల్ల, పూజ అయ్యేదాకా ఆమెను పక్కన కూర్చోబెట్టినందువల్ల, రీడింగ్ తీయలేదని."

ఆయన నిజంగా బాధపడ్డారు. "మీ గురించి మీరే అలా రాసుకుంటారా మేడమ్? మీ పరువే కదా పోయేది."

నా పరువు! నన్ను పక్కన కూర్చోబెడితే పోని పరువు, కూర్చోబెట్టారని రాస్తే పోతుందట. ఆయన సంతకం పెట్టలేదు. రెండో పెట్టె మాట కూడా ఎత్తలేదు, నేనూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదని ఇద్దరికీ తెలుసు.

మాస్టారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నిజమేనమ్మా. కానీ ఇది టెక్నికల్ రిపోర్టు."

"ఇది టెక్నికల్ కారణమే సార్. కొలత ఎందుకు పోయిందో రాయమన్నారు, రాశాను. వాన పడిందనో మిషన్ పాడైందనో అయితే ఒప్పుకునేవారు కదా?"

"ఒప్పుకునేవాణ్ణి."

"అవి అబద్ధాలు."

"ఒక్క వాక్యమమ్మా. మూడేళ్ళు చదివావు. ఆ తరగతిలో నాకు మెలకువగా కనిపించే ముఖం నీదొక్కటే. 'అనివార్య కారణాల వల్ల' అని రాయి. నేనెళ్ళి మీ మేనేజరుతో మాట్లాడి సంతకం తెస్తాను. అంతకంటే ఏం చేయగలను?"

ఆయన మంచితనం ఇంతవరకు వచ్చి ఆగింది. నిజంగానే వెళ్ళేవారు, బతిమాలి సంతకం తెచ్చేవారు కూడా. దానికి ఆయన అడిగిన ధర ఆ రెండు మాటలు. అనివార్యమట! నివారించడానికి అందులో కష్టమేముంది? నన్ను నా మిషన్ దగ్గర నిలబడనిస్తే చాలు. మన దేశంలో మనుషులు చేతులారా చేసిన ప్రతిదానికీ మనం పెట్టుకున్న పేరు అనివార్యం.

నేను మార్చలేదు. రైలులో ఇంటికొస్తూ మారిస్తే ఏమవుతుందని ఆలోచించాను. డిగ్రీ వస్తుంది. ఇంజనీరు అవుతాను. తర్వాత ఏదో ఒక సైటులో ఏదో ఒక ముహూర్తానికి ఎవరో ఒకరు వచ్చి కుర్చీ చూపిస్తారు. ఈసారి ఇంజనీరుగా కూర్చుంటాను. ఇదంతా ధైర్యమని ఎవరైనా అంటే ఒప్పుకోను. కోపం, అంతే. కోపం వల్ల నాకు ఒక సంవత్సరం పోయింది.

నన్ను కొండాపూర్ ఆఫీసుకు, ఎస్టిమేట్లు వేసే గదికి మార్చారు. పెద్ద కిటికీ, కింద ట్రాఫిక్. పగలు అక్కడ కూర్చుని, సాయంత్రాలు కాలేజీ ల్యాబులో కట్ట మట్టి మీద ఇంకో చిన్న ప్రాజెక్టు చేశాను. మిషన్, మట్టి, నేను. ఎవరి సంతకమూ అక్కర్లేదు. వెనక బెంచీ ఆయన నాకంటే ముందే పాసై మిఠాయి పంచారు. నాది మరుసటి ఏడాది పూర్తయింది. మార్కులు బాగానే వచ్చాయి. ఎవరికీ చెప్పాలనిపించలేదు.

ఆ మధ్యలోనే రెండో పెట్టె కూడా నెట్టేశారు. నేను అక్కడ లేను. ఎలా జరిగిందో పాలమూరు ఆమె ఫోన్ చేసి చెప్పింది. తలనెరిసిన రైల్వే ఇంజనీరు పోయినసారి సంగతి మరిచిపోలేదట. పొద్దున్నే స్వయంగా వచ్చి, దగ్గర నిలబడి ఇనీషియల్ తీయించి, కాగితం జేబులో పెట్టుకున్నాకే కొబ్బరికాయ కొట్టనిచ్చారట. ముహూర్తం దాటిపోతోందని పంతులు గొణిగితే, "నా బండ్లు కూడా టైమ్‌కే పోవాలి స్వామీ" అన్నారట.

డిగ్రీ కాగితం రాగానే తీసుకెళ్ళి మేనేజరు ముందు పెట్టాను. ఆయన లేచి నిలబడి అభినందించారు. స్వీట్లు తెప్పించబోతే వద్దన్నాను.

"నన్ను మళ్ళీ సైటుకు వేయండి. ఇంజనీరుగా. మీరు మాటిచ్చారు."

"ఇచ్చానండీ. కాదనను." ఆయన కాగితాన్ని రెండు వైపులా చూసి, జాగ్రత్తగా నా వైపు జరిపారు. "జీతం పెంచమని నేనే రాస్తాను. పోస్టు కూడా ఇంజనీరే. కాకపోతే ఆఫీసులోనే. సైటు ఎందుకు చెప్పండి మీకు, ఎండలో? సార్ కూడా ఇష్టపడరు. మీరే ఆలోచించండి, రెండో బాక్సు ఎంత సాఫీగా పోయిందో."

"ఇనీషియల్ ముందు తీశారు. అందుకే సాఫీగా పోయింది."

ఆయన నా మాట కాసేపు నిజాయితీగా ఆలోచించారు. నన్ను నొప్పించకూడదని చూస్తున్నారని తెలుస్తూనే ఉంది.

"అదీ ఉందనుకోండి" అన్నారు.

ఎం.టెక్. చదివిన మనిషి. నేను లేకపోవడం మొదటి కారణం, కొలత తీయడం రెండో కారణం. విజ్ఞానానికి ఆయన మనసులో ఒక కుర్చీ వేశారు, ఎవరికీ ఎదురుపడకుండా, పక్కగా. అప్పుడు నాకు తెలిసింది, నేను ఈ కంపెనీలో ఎంత చదివినా నా చదువు ఈ 'అదీ'కి పైకి పోదని.

ఆయన బల్ల మీది తెల్లకాగితమే తీసుకుని రాజీనామా రాయడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాశాక ఆయనకు విషయం అర్థమైంది. కంగారుపడ్డారు. తలుపు వైపు చూశారు, గోడ మీది క్యాలెండరు వైపు చూశారు.

"ఇవాళ మంగళవారం మేడమ్" అన్నారు, ఎంతో ఆప్యాయంగా. "మంగళవారం పూట రాజీనామా ఏమిటండీ? మీకు మంచిది కాదు. రేపు ఇవ్వండి, కాదనను."

నేను తేదీ వేసి, పక్కన వారం పేరు కూడా రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.